గరాటులో సకినాలు

చిన్న వ్యాపారం ఎదగకపోవడానికి సరుకు నాసిగా ఉండడమో, పెట్టుబడి చాలకపోవడమో, ఎదురుగా ఇంకొకరు అదే కొట్టు తెరవడమో కారణమని మనం ఇన్నాళ్లూ పొరబడుతూ వచ్చాము. దుకాణదారు రోజంతా దుకాణం మీదనే మనసు పెట్టుకొని కూర్చోవడమే అసలు కారణమని ఆ మధ్య హనుమకొండ నక్కలగుట్టలోని ఒక హోటల్లో జరిగిన డిజిటల్ మార్కెటింగ్ ఉచిత శిక్షణ తరగతిలో నిర్ధారణ అయింది. ఆ తరగతికి మా మేనత్తను స్కూటర్ మీద కూర్చోబెట్టుకొని తీసుకుపోయినవాణ్ణి నేనే కాబట్టి, తరువాతి ఆరు నెలల్లో ఆమె కొట్టుకు జరిగిన అభివృద్ధికంతటికీ నైతిక బాధ్యత నాదే. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని తోటి చిన్న వ్యాపారుల మేలు కోరి ఆ అనుభవాన్ని ఇక్కడ సవినయంగా నివేదిస్తున్నాను.

ముందుగా మా అత్త వెనుకబాటుతనం ఎటువంటిదో చెప్పాలి. కుమార్‌పల్లిలో ఇంటి ముందరి గదిలోనే ఆమె కొట్టు. బియ్యం రాత్రి నానబోసి, తెల్లారి వడగట్టి, తడి ఆరకముందే గిర్నీలో పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పరిచిన గుడ్డ మీద చుట్టు వెంట చుట్టు సకినాలు చుట్టి, కాస్త ఆరినాక నూనెలో వేసి తీస్తుంది. సంక్రాంతి నెలలో వాడకట్టు ఆడవాళ్లు పది మంది వచ్చి కూర్చుంటే గాని గిరాకీకి అందదు. మిగతా రోజుల్లో మురుకులు, గరిజెలు, అరిసెలు నడుస్తాయి. బిడ్డను అత్తగారింటికి సాగనంపేవాళ్లు, కొడుకును అమెరికాకు పంపేవాళ్లు డబ్బాలకు డబ్బాలు కట్టించుకొని పోతారు. కొట్టుకు బోర్డు లేదు, పేరు లేదు. "మీ బ్రాండ్ పేరేమిటమ్మా?" అని శిక్షకులవారు అడిగితే, "పేరెందుకు సారూ, సకినాలమ్మ ఇల్లంటే ఎవలైన జూపిస్తరు" అని బదులు చెప్పిన అమాయకురాలు ఆమె.

శిక్షకులవారు తెర మీద ఒక గరాటు బొమ్మ వేశారు. మీద వెడల్పుగా, కింద సన్నగా ఉన్న ఆ గరాటు పై అంచున మన గురించి విన్నవాళ్లు లక్ష మంది పడతారనీ, నడిమికి వచ్చేసరికి ఆసక్తి ఉన్నవాళ్లు వెయ్యి మంది మిగులుతారనీ, చిట్టచివర కొనేవాళ్లు పది మంది కిందికి జారుతారనీ, లోకంలోని సకల వాణిజ్యమూ ఈ సూత్రం మీదనే నడుస్తున్నదనీ వివరించారు. నూనె డబ్బాలోంచి సీసాలోకి గరాటు పెట్టి వంచడంలోనే సగం జీవితం గడిపిన మా అత్త అప్పుడు చెయ్యి లేపింది. "సారూ, గరాటుల మీదికెళ్లి ఎంత పోస్తే కిందికెళ్లి అంత రావాలె గదా. లక్ష పోస్తే పదే వచ్చినయంటే నడుమ పొక్కలు పడ్డయి. ముందుగాల గరాటు మార్పియ్యాలె" అన్నది. ప్రశ్నలకు చివరలో సమయం ఉంటుందని శిక్షకులవారు సెలవిచ్చి మంచినీళ్లు తాగారు.

నిజానికి ఆ సిద్ధాంతానికి ఆ హాలును మించిన రుజువు ఇంకొకటి అక్కరలేదు. రెండు గంటల తరగతి ఉచితం. దాని వెనుక 99 రూపాయల వర్క్‌షాపు. దాని వెనుక 14,999 రూపాయల సమగ్ర కోర్సు. హాలే గరాటు, సమోసాలు తిన్న మేమందరమూ అందులో పోసిన నూనె. మా అత్త రెండో చుట్టు దగ్గరే పొక్కలోంచి బయటికి కారిపోయింది. నేను మాత్రం ఎక్కడా ఆగకుండా సన్న గొట్టం దాకా జారి, 14,999 వద్ద తేలాను.

కోర్సులో మొదటి ఇంటిపని గిరాకీల పట్టిక. పేరు, వయసు, ఆదాయం, అభిరుచి అన్న గడుల తరువాత 'పెయిన్ పాయింట్' అనే గడి ఉన్నది. అంటే నొప్పి ఎక్కడున్నదో రాయాలని నేను అత్తకు తెలుగు చేసి చెప్పాను. ఉద్దెర పుస్తకం తెరవకుండానే, మూకుడు ముందర కూర్చొని, జాలిగరిటె తిప్పుకుంటూ ఆమె చెప్పుకుపోయింది. టీచరమ్మకు మోకాళ్లు, నిలబెట్టొద్దు, స్టూలు వెయ్యాలె. రైల్వేలో చేసిన పెద్దాయనకు బీపీ, ఉప్పు తక్కువ. బ్యాంకు సారుకు షుగరు. అరిసెలు అడుగుతడు, ఇయ్యొద్దని పెండ్లాం చెప్పిపోయింది. చివరింటి ముసలమ్మకు పండ్లు లేవు, సన్నగ చుట్టి పొడి చేసియ్యాలె. గంట సేపట్లో నూట నలభై పేర్లు, నూట నలభై నొప్పులు నమోదయ్యాయి. ఇందులో కొందరికి ఆ సంవత్సరం ఉద్దెర ఇయ్యొద్దు అన్నది కూడా నొప్పుల కిందనే రాయించింది. ఆ నొప్పి ఎవరిదో నేను అడగలేదు.

పట్టిక చూసిన శిక్షకులవారు బాధపడ్డారు. పెయిన్ పాయింట్ అంటే ఒంటి నొప్పి కాదనీ, మన సరుకు తీర్చగల అవసరమనీ బోధించి, ఆ పట్టికను పక్కన పెట్టించి, హైదరాబాదులో తయారైన నమూనా గిరాకీని ఒకామెను మాకు అప్పగించారు. ఆమె వయసు 25 నుంచి 34 మధ్య. నగరవాసి. ఆరోగ్య స్పృహ కలది. వారాంతాల్లో ప్రయాణాలు చేస్తుంది, చిరుతిండిలో కొత్తదనం కోరుకుంటుంది. ఆమెను దృష్టిలో పెట్టుకొని సకినాలను చిన్న పొట్లాలలో కట్టించి, పొట్లం మీద పచ్చని ఆకు బొమ్మ వేయించి, ఆరు నెలలు ఎదురుచూశాము. ఆమె కుమార్‌పల్లికి రాలేదు. అరిసెలు అడిగే బ్యాంకు సారు మాత్రం రోజూ వచ్చాడు.

ఇక్కడ చట్టం సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పౌరుల వ్యక్తిగత సమాచారానికి రక్షణ కల్పిస్తూ పార్లమెంటు 2023లో చట్టం చేసింది. వ్యాపార సందేశాలు పంపేవాళ్లు టెలికాం సంస్థల వద్ద నమోదు చేసుకోవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లోనే నిబంధనలు పెట్టింది. ఆ చట్టమూ, ఈ నిబంధనలూ లేని కాలం నుంచే మా అత్త బ్యాంకు సారు షుగరు సంగతి మూడో మనిషికి చెప్పలేదు. నేను ఇప్పుడు చెప్పేశాననుకోండి, అది వేరే విషయం. చట్టం వచ్చిన తరువాత కూడా శిక్షకులవారి సహాయకుడు వరంగల్ వాసుల ఫోన్ నంబర్లు పది వేలున్న ఫైలు 500 రూపాయలకే ఇప్పిస్తానన్నాడు. వాళ్లందరి నొప్పులు కూడా అందులో ఉన్నాయా అని అత్త అడిగితే, లేవన్నాడు. "గట్లయితే ఎందుకు నాయినా" అని ఆమె ఆ బేరం వదిలేసింది.

మ్యాపులో కొట్టును పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు నిజంగా పనికి వస్తుంది. బహుశా అందుకే 14,999 రూపాయల కోర్సులో దానికి పది నిమిషాలే కేటాయించారు. అందుకు వాడే గూగుల్ మై బిజినెస్ అన్న పేరు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా మారింది 2021లో; మా వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా మారిందీ అదే ఏడాది. పేరు మార్చుకున్నవాళ్లు ఒకరినొకరు గుర్తు పట్టడానికి కొంత సమయం పడుతుంది. ఒక ఫారంలో మేము వరంగల్, ఇంకొక దానిలో వరంగల్ అర్బన్, మరొక దానిలో హనుమకొండ. మూడు చోట్లా ఉన్నది ఒక్క మూకుడే. కొట్టు మాదేనని నిరూపించడానికి వీధి, బోర్డు, లోపలి గది, తాళం తీయడం అన్నీ కనబడేటట్టు వీడియో తీసి పంపాలి. కొట్టుకు బోర్డు లేదు. ఇల్లే కాబట్టి ముందు తలుపుకు తాళం వేసిన అలవాటు లేదు. వీడియో కోసం ఫ్లెక్సీ కొట్టించి, తాళం కొని, బయటి నుంచి తాళం వేసి మళ్లీ తీశాము. ఆ రెండు నిమిషాల్లోనే ఇద్దరు గిరాకీలు వచ్చి, తాళం చూసి, అత్తకు ఏమైందోనని గాబరాపడి పోయారు.

పిండివంటలు అనే విభాగం జాబితాలో నాకు కనబడకపోవడంతో దగ్గరగా ఉన్నదేదో చూసి బేకరీ అని నొక్కాను. మ్యాపు మీద కొట్టు చోటు చూపే సూది ముల్లును కుమార్‌పల్లిలో దింపబోతుంటే వేలు జారి భద్రకాళి చెరువు నడిమధ్యన పడింది. రెండూ నా తప్పులే. రెండు వారాల పాటు పుట్టినరోజు కేకు కావలసినవాళ్లు కొందరు చెరువు కట్ట మీద నిలబడి అత్తకు ఫోన్లు చేశారు. వ్యాప్తి పెరిగిందనడానికి ఇది సాక్ష్యం కాదా అని నేను అడుగుతున్నాను.

ఇక బ్రాండింగ్. కృత్రిమ మేధతో లోగో చేయించాలని కోర్సులో ఒక రోజంతా చెప్పారు. సకినం బొమ్మ గీయమంటే ఆ యంత్రం మొదట జిలేబి గీసింది, తరువాత దోమల చుట్ట గీసింది, మూడోసారి ఏదో దేశపు తీపి రొట్టెకు నువ్వులు అద్ది ఇచ్చింది. వాక్యం రాయమంటే "మా సకినాలతో మీ జీవన ప్రయాణాన్ని కరకరలాడించండి" అని రాసింది. అత్తకు చదివి వినిపించాను. "ఎవలి కాళ్లు ఇరగాలని కోరుకుంటున్నవు కొడుకా" అన్నది. బెల్లాన్ని బంగారమని పిలిపించిన మేడారం మన పక్కనే ఉండగా, లోగో గాని, వాక్యం గాని లేకుండానే రెండేళ్లకొకసారి ఆ అడవిలోకి జనం ఇసుక వేస్తే రాలనంతగా కదులుతుండగా, పేరు పెట్టే విద్య నేర్చుకోవడానికి మనం నక్కలగుట్ట హోటలుకు పోవలసి రావడం కాలమహిమ.

కంటెంట్ క్యాలెండర్ అనేదొకటి కూడా ఇచ్చారు. బతుకమ్మ తొమ్మిది రోజులకు తొమ్మిది ఆఫర్లు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా ఏ రోజుకు ఏ పోస్టు వెయ్యాలో ముందే ముద్రించి ఉన్నది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం పెట్టరని తెలియని పాపానికి, ఆ రోజుకే 'స్పెషల్ నైవేద్యం కాంబో, 20 శాతం తగ్గింపు' అని అచ్చయి ఉన్నది. నేను చూసుకోకుండా వేశాను. వాడకట్టులో అమ్మ అలిగిందో లేదో గాని, అత్త నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

పోస్టు వేసే వేళ విషయంలో శాస్త్రం చాలా కచ్చితంగా ఉన్నది. సాయంత్రం ఏడు గంటలకు జనం ఫోన్ల మీద ఉంటారు కాబట్టి అప్పుడే రీల్ తీసి అప్పుడే వెయ్యాలి. దురదృష్టవశాత్తు అదే ఏడు గంటలకు జనం మా కొట్టు ముందర కూడా ఉంటారు. కాబట్టి, కొనడానికి వచ్చి నిలుచున్న పది మందిని కాస్త జరగమని, వెలుతురుకు అడ్డం రావద్దని, మాట్లాడవద్దని వేడుకొని, ఎక్కడో పడుకొని ఫోను చూసుకుంటున్న వేల మందికి సకినం చుట్టే విధానం చూపించాము. వెనుక పాట ఆ వారం అందరూ వాడుతున్నదే ఉండాలట. దానికి తగ్గట్టు అత్త తల ఊపాలట. ఆమె తల ఊపింది గాని ఆ ఊపు వద్దనే అర్థంలో ఉన్నది. రీలుకు చాలామంది లైకులు కొట్టారు. ఆ సాయంత్రం నిలుచున్న పది మందిలో నలుగురు పక్క వీధిలో మురుకులు కొనుక్కొని ఇంటికి పోయారు.

రీలును డబ్బు కట్టి తోస్తే ఇంకా దూరం పోతుందన్నారు. ప్రకటన రుసుము మీద 18 శాతం జీఎస్టీ అదనం. చుట్టూ ఎన్ని కిలోమీటర్ల వరకు చూపించాలో ఎంచుకునే వీలు ఉన్నా, సకినాల కీర్తికి హద్దులు ఎందుకని నేను దేశమంతా నొక్కాను. తరువాత వచ్చిన సందేశాల్లో ఒకటి పంజాబు నుంచి, గంటకు ఇన్ని వందల చుట్లు చుట్టే యంత్రం అమ్ముతామని. మిగిలినవాటిలో అధిక భాగం, మా వ్యాపారాన్ని పది రెట్లు చేస్తామని ముందుకొచ్చిన ఇతర డిజిటల్ మార్కెటింగ్ నిపుణులవి. గరాటులో పైనుంచి పడ్డవాళ్లందరూ చేతిలో తమ తమ గరాటులు పట్టుకొనే పడ్డారు.

వాట్సాప్ బిజినెస్ 2018లో వచ్చింది. సరుకుల పట్టిక పెట్టుకోవచ్చు, లేనప్పుడు తనంతట తానే జవాబు పోయే ఏర్పాటు చేసుకోవచ్చు, ఒకేసారి 256 మందికి సందేశం పంపే జాబితా తయారు చేసుకోవచ్చు. అయితే మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే ఆ జాబితా సందేశం చేరుతుంది. అంటే మనం ముందే తెలిసినవాళ్లకే మన సంగతి తెలపగలము. అత్త నంబరు ఊరందరి ఫోన్లలో సకినాలమ్మ అనే ఉన్నది కాబట్టి ఆ చిక్కు రాలేదు. చిక్కు తనంతట తానే పోయే జవాబుతో వచ్చింది. ఒకనాడు తెల్లవారుజామున పరకాల నుంచి అత్త వదినె, తమ ఇంటి పెద్దాయన పోయాడని సందేశం పెట్టింది. అవతలికి వెంటనే జవాబు పోయింది: "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు! మీ ఆర్డరు మాకు ఎంతో విలువైనది. త్వరలోనే మీ ఇంటికి చేరుస్తాము." ఆ వాక్యం రాసినవాణ్ణి నేనే. పదకొండో దినం దాకా రెండిండ్ల మధ్య మాటలు లేవు.

యూపీఐ గురించి కోర్సులో చెప్పలేదు, ఎందుకంటే చెప్పడానికి ఏమీ లేదు. అది 2016లో వచ్చింది. పెద్ద నోట్లు రద్దయి చిల్లర దొరకని ఆ చలికాలం గడిచినాక, కూరగాయల బండి ఆయన తన అట్ట ముక్కను చూపించి అత్తకు కూడా ఒకటి పెట్టించాడు. 2020 జనవరి నుంచి ఆ చెల్లింపుల మీద వ్యాపారికి రుసుము లేదు. డబ్బులు రావడానికి పిన్ను కొట్టవలసిన పని లేదని, కొట్టమన్నవాడు దొంగ అని కూడా ఆయనే చెప్పాడు. ఆయన ఫీజు రెండు సకినాలు. కోర్సు పుణ్యమాని మేము దానికి అదనంగా తగిలించింది, వచ్చిన సొమ్మును బిగ్గరగా ప్రకటించే డబ్బా ఒక్కటే. నెలనెలా దానికి అద్దె. "రెండు వేల ఐదు వందల రూపాయలు అందినవి" అని అది వీధి మలుపు దాకా వినబడేటట్టు ప్రకటించిన ఐదు నిమిషాల్లో గణపతి మండపం పిల్లలు రసీదు పుస్తకంతో దిగారు. నిరుడు ఆమె రాసింది 116. ఈ ఏడు డబ్బా సాక్షిగా 1,116. ఇంతటి ఖచ్చితమైన లక్షిత మార్కెటింగును నేను కోర్సులో కూడా చూడలేదు.

చిన్న వ్యాపారాలకు సర్కారు వద్ద చేసే ఉద్యం నమోదు 2020 జులై నుంచి ఉచితమే, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చొని చేసుకోవచ్చు. ఉచితమైనదానికి విలువ ఉండదు కాబట్టి నేను ఒక ఏజెంటుకు 1,500 ఇచ్చి చేయించాను.

సమీక్షలు మిగిలాయి. ఆన్‌లైన్ సమీక్షలు ఎట్లా ఉండాలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే విడుదల చేసింది. దాన్ని చదవకముందే మా ఇంట్లో ఒక ఒడిబియ్యం నాడు చుట్టాలందరి ఫోన్లు తీసుకొని, ఒకే గంటలో, ఒకే ఇంటి నుంచి ఐదు చుక్కల సమీక్షలు ఇరవై రెండు వేయించాను. రెండు రోజుల్లో అవన్నీ మాయమయ్యాయి. మిగిలింది ఒక్కటే, ఒకే చుక్క, చెరువు కట్ట మీద నిలబడిన మనిషిది: "కేకు లేదు. బేకరీ కూడా లేదు. నీళ్లు ఉన్నాయి."

ఓడలు తుపానుకు ఒడ్డుకు కొట్టుకువస్తే పూర్వపు రాజులు సరుకంతా లాక్కునేవారనీ, మేము న్యాయమైన సుంకం తప్ప మిగిలినది ముట్టబోమనీ కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఆ ప్రకటనను శిక్షకులవారికి చూపించి అభిప్రాయం అడిగాను. బొమ్మ లేదు, ఆఫర్ లేదు, చూసినవాళ్ల లెక్క తెలియదు, అన్నింటికన్నా ముఖ్యంగా రాయి కాబట్టి తరువాత దిద్దుకునే వీలు లేదు అన్నారు. మాట మార్చుకునే వీలు లేని చోట వ్యాపారం ఎట్లా చేస్తారని ఆయన సందేహం. న్యాయమైనదే.

ఆ శిక్షకులవారే సంక్రాంతికి వారం ముందు మా కొట్టుకు వచ్చారు. మ్యాపు చూసి కాదు, రీలు చూసి కాదు, ఆయన అద్దెకుండే ఇంటి యజమానురాలు చెప్పి పంపిందట. విదేశంలో ఉన్న అక్కకు పంపడానికి మూడు కిలోలు కావాలన్నారు. తన ఖాతాలో మా పేరు వేస్తే ఎంత తగ్గిస్తారని కూడా అడగబోయారు గాని గొంతు రాలేదు. సీజను కదా, రోజుకు మూడు తరగతులు చెబుతున్నారట. అత్త ఆయన్ని టీచరమ్మ స్టూలు మీద కూర్చోబెట్టి, వేడి నీళ్లు ఇచ్చి, మూడు కిలోలు తూచి, పైన ఇంకొక గుప్పెడు వేసి డబ్బా కట్టింది. ఆయన తినబోతూ చెయ్యి పెట్టిన సకినాన్ని మాత్రం వెనక్కి తీసుకున్నది. ఆయన వెళ్లినాక, నేను పక్కన పెట్టిన పాత పట్టిక తియ్యమని చెప్పి, నూట నలభై ఒకటో వరుస దగ్గరుండి రాయించింది.

"పేరు: గరాటు సారు. అభిరుచి: మాట్లాడుడు. పెయిన్ పాయింట్: గొంతు. పది దినాలు సకినాలు ఇయ్యొద్దు, మలీద ముద్దలు ఇయ్యాలె."